అద్దె ఇంటి గరాజ్‌కు ప్లగ్ లైట్లు: వైరింగ్ ముట్టుకోకుండా, డిపాజిట్ పోకుండా

అమెరికాలో ఇల్లు అద్దెకిచ్చే ముందు ఓనర్లు కార్పెట్ మారుస్తారు, గోడలకు రంగు వేయిస్తారు. గరాజ్ జోలికి మాత్రం రారు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు అద్దె ఇళ్లు చూస్తే రెండు కార్ల గరాజ్‌లో సాధారణంగా ఉండేవి రెండే దీపాలు: సీలింగ్ మధ్యలో ఒక బల్బు, తలుపు తీసే ఓపెనర్‌లో ఇంకోటి. ఆ రెండోది కూడా కాసేపటికి దానంతట అదే ఆరిపోతుంది. మనవాళ్ల గరాజ్‌లో కార్లు మాత్రమే ఉంటే ఈ వెలుతురు సరిపోయేదేమో. రెండో ఫ్రిజ్, బియ్యం బస్తాలు, ఇండియా సూట్‌కేసులు, క్యారమ్ బోర్డు, పిల్లల సైకిళ్లు, వినాయక చవితి డెకరేషన్ డబ్బాలు అన్నీ అక్కడే. రాత్రిపూట ఆ డబ్బాల్లో ఏదైనా వెతకాలంటే ఫోన్ టార్చ్ నోట్లో పెట్టుకోవాల్సిందే.

సొంత ఇల్లయితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి లైట్లు పెట్టించి గోడ స్విచ్‌కు కలిపించుకోవచ్చు. అద్దె ఇంట్లో వైరింగ్ ఓనరుది, మనం వాడుకోగలిగేది ప్లగ్ ఒక్కటే. లైట్లు కొనడం, వేలాడదీయడం ఒక సాయంత్రం పని. కరెంటు ఏ ప్లగ్ నుంచి తీసుకోవాలి, ఆన్ ఆఫ్ ఎలా చేయాలి అన్న దగ్గరే అసలు తలనొప్పి. అది తేల్చుకోకుండా స్టోర్‌కి వెళితే అరకొర పొడవున్న వైరుతో, సరిపోని ప్లగ్‌తో తిరిగొస్తాం. కాబట్టి ముందు లెక్క, తర్వాత ప్లగ్, ఆ తర్వాతే కొనుగోలు.

మొదటి అడుగు: ఎంత వెలుతురు కావాలి

రెండు కార్ల గరాజ్ సుమారు 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు అనుకుందాం. అంటే 400 చదరపు అడుగులు. సామాన్లు కనిపించడానికి, కారు తుడుచుకోవడానికి చదరపు అడుగుకు 50 ల్యూమెన్లు (ల్యూమెన్ అంటే వెలుతురు కొలత) ఉంటే హాయిగా ఉంటుంది. మొత్తం 20,000 ల్యూమెన్లు. పాత 60 వాట్ల బల్బుకు సమానమని అమ్మే ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేది 800. అలాంటివి రెండు ఉన్నా 1,600, కావాల్సినదాంట్లో పదో వంతు కూడా రాదు. గరాజ్ చీకటిగా ఉందని మీకు అనిపిస్తే అది మీ కళ్ల తప్పు కాదన్నమాట.

సీలింగ్‌కు వేలాడదీసే నాలుగు అడుగుల పొడవాటి ఎల్‌ఈడీ లైటును షాప్ లైట్ అంటారు. అది సుమారు 40 వాట్లు తీసుకుని 4,000 నుంచి 5,000 ల్యూమెన్లు ఇస్తుంది. నాలుగు పెడితే లెక్క సరిపోతుంది. కారు పెట్టుకోవడం, ఫ్రిజ్ తెరవడం వరకే అయితే రెండు చాలు. వడ్రంగి పనో, సైకిల్ రిపేరో చేసే బల్ల ఉంటే దాని మీద మాత్రం విడిగా ఒకటి ఉండాలి. అక్కడ చదరపు అడుగుకు 100 ల్యూమెన్ల దాకా ఉన్నా ఎక్కువ కాదు.

కరెంటు బిల్లు గురించి బెంగ అక్కర్లేదు. నాలుగు లైట్లు కలిపి 160 వాట్లు. రోజూ మూడు గంటలు వెలిగినా నెలకు 14 యూనిట్ల పైచిలుకు. యూనిట్ 15 సెంట్లు అనుకుంటే రెండు డాలర్లు దాటి కాస్త.

రెండో అడుగు: ప్లగ్ ఎక్కడుంది, అది ఎవరి చేతిలో ఉంది

తల పైకెత్తి ఓపెనర్ మోటర్ చూడండి. దాని వైరు సీలింగ్‌లో ఉన్న ఒక ప్లగ్ పాయింట్‌కు వెళ్తుంది. చాలా ఇళ్లలో అక్కడ రెండు పాయింట్లు ఉంటాయి. ఒకటి ఓపెనర్‌కు పోయినా రెండోది ఖాళీ. మీ లైట్లకు అదే సరైన చోటు. గోడ ప్లగ్ నుంచి సీలింగ్ దాకా వైరు పాకించే పని తప్పుతుంది.

ఖాళీగా ఉంది కదా అని వెంటనే పెట్టేయకండి. ఆ ప్లగ్‌కు కరెంటు ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవాలి. రెండు ప్రశ్నలకు జవాబు కావాలి.

ఒకటి, ఏ బ్రేకర్. బ్రేకర్లుండే ప్యానెల్ సాధారణంగా గరాజ్ గోడకే ఉంటుంది, లేదంటే ఇంటి బయటి గోడకు. ప్యానెల్ తలుపు మీద చీటీ రాసి ఉన్నా దాన్ని నమ్మకండి, చాలా ఇళ్లలో అది అసంపూర్తిగానే ఉంటుంది. ప్లగ్‌లో టేబుల్ ల్యాంపో, ఫోన్ ఛార్జరో పెట్టి, ఒక్కో బ్రేకర్ దించుతూ ఏది ఆరిందో చూడండి. ఇంట్లో ఎవరైనా వర్క్ ఫ్రమ్ హోమ్ మీటింగ్‌లో ఉంటే ముందే చెప్పడం మంచిది. బ్రేకర్ మీద 15 అనో 20 అనో అంకె ఉంటుంది. 15 ఆంపియర్లంటే 120 వోల్టుల మీద 1,800 వాట్లు. గంటల తరబడి నడిచే లోడ్‌కు అందులో 80 శాతం, అంటే 1,440 వాట్ల దాకానే వాడాలి.

మన నాలుగు లైట్లు తీసుకునేది 1.3 ఆంపియర్లు. అది లెక్కలోకి రానంత తక్కువ. అదే బ్రేకర్ మీద ఇంకా ఏమున్నాయన్నదే చూసుకోవాలి. ఓపెనర్ నడిచే కొన్ని సెకన్లు 5, 6 ఆంపియర్లు లాగవచ్చు. ఫ్రిజ్ స్టార్ట్ అయిన క్షణంలో ఒక్కసారి ఎక్కువ లాగుతుంది. ఇవన్నీ కలిసినా ఇబ్బంది లేదు. చలికాలంలో 1,500 వాట్ల హీటర్ పెట్టారంటే అదొక్కటే 12.5 ఆంపియర్లు. మామూలు గోడ ప్లగ్‌లో ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్ పెడితే 15 ఆంపియర్ల సర్క్యూట్ మీద 12 ఆంపియర్లు రాత్రంతా పోతూనే ఉంటాయి. కారు ఛార్జింగ్ ఏ బ్రేకర్ మీద ఉంటే దాని మీద ఇంకేమీ పెట్టకండి, చివరికి ఈ చిన్న లైట్లు కూడా.

2017 జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ అమల్లోకి వచ్చాక కట్టిన ఇళ్లలో గరాజ్ ప్లగ్‌లకు విడిగా 20 ఆంపియర్ల సర్క్యూట్ ఉంటుంది. బాగా పాత ఇళ్లలో గరాజ్, బాత్‌రూమ్, వరండా బయట ప్లగ్ మూడూ ఒకే తీగ మీద ఉండటం మామూలే.

రెండో ప్రశ్న జీఎఫ్‌సీఐ. టెస్ట్, రీసెట్ అని రెండు చిన్న బటన్లుండే ప్లగ్ అది. వెళ్లిన కరెంటుకు, తిరిగొచ్చిన కరెంటుకు మధ్య 4 నుంచి 6 మిల్లీఆంపియర్ల తేడా వచ్చినా టక్కున ఆపేస్తుంది. చెమట చేతులతో, తడి సిమెంటు నేల మీద నిలబడి పనిచేసే గరాజ్‌లో ప్రాణం కాపాడేది అదే. 2008 కోడ్ నుంచి సీలింగ్ ప్లగ్‌కు కూడా మినహాయింపు లేకుండా ఈ రక్షణ ఉండాలన్నారు. అంతకు ముందు కట్టిన ఇళ్లలో సీలింగ్ ప్లగ్‌కు లేకపోవచ్చు.

తెలుసుకోవడం తేలిక. మూడు చిన్న దీపాలుండే ప్లగ్ టెస్టర్ హోమ్ డిపోలోనో లోస్‌లోనో పది డాలర్ల ప్రాంతంలో దొరుకుతుంది. జీఎఫ్‌సీఐ బటన్ ఉన్నదే తీసుకోండి. ప్లగ్‌లో పెడితే ఎర్త్ ఉందో లేదో, తీగలు తారుమారయ్యాయో దీపాలు చెప్పేస్తాయి. బటన్ నొక్కితే కరెంటు పోవాలి. పోయాక రీసెట్ ఎక్కడుందో వెతకండి. పాత ఇళ్లలో అది పక్క గోడకు కాకుండా కింది బాత్‌రూమ్‌లోనో, షెల్ఫుల వెనకో దొరుకుతుంది. ఆ చోటు ఇంట్లో అందరికీ చూపించండి.

ఇంత చాదస్తం ఎందుకంటే, గరాజ్ ఫ్రిజ్ కూడా చాలాసార్లు ఆ జీఎఫ్‌సీఐ మీదే ఉంటుంది. కొత్తగా పెట్టిన లైటులో లోపం వల్ల అది ట్రిప్ అయితే ఫ్రీజర్‌లో మటన్, కొబ్బరి తురుము, ఇండియా నుంచి తెచ్చిన పచ్చళ్ల సంగతి మూడు రోజుల తర్వాత వాసనతో తెలుస్తుంది. లైట్లు ఫ్రిజ్ లేని ప్లగ్‌కు పెట్టగలిగితే పెట్టండి. కుదరకపోతే, కరెంటు పోతే అరిచే చిన్న అలారం ఒకటి ఫ్రిజ్ పక్కన పెట్టుకోండి.

టెస్టర్ తప్పు చూపిస్తే, ప్లగ్ వదులుగా ఉంటే, నల్లగా కాలిన మరక కనిపిస్తే అక్కడితో ఆగండి. అది రిపేరు, ఓనరు చేయించాల్సింది. ఫొటో తీసి పంపండి.

సీలింగ్‌లో ప్లగ్ లేదా? బల్బు హోల్డర్‌లో బిగించే ప్లగ్ అడాప్టర్లు దొరుకుతాయి. గోడ స్విచ్‌తోనే ఆన్ ఆఫ్ చేయవచ్చు కదా అని ఆశపుడుతుంది. వాటిలో ఎక్కువ వాటికి రెండు కన్నాలే ఉంటాయి, ఎర్త్ ఉండదు. షాప్ లైట్‌కు మూడు కాళ్ల ప్లగ్. మూడో కాలు విరగ్గొట్టి దూర్చడం అన్నది ఎవరు చెప్పినా వినకండి. మీ గరాజ్‌లో ఉన్నది హోల్డర్ ఒక్కటే అయితే, మూడు నాలుగు రెక్కలుగా విచ్చుకునే ఎల్‌ఈడీ బల్బు దాంట్లో బిగించడం మేలు. ఏ మేకూ అక్కర్లేదు, గోడ స్విచ్ పనిచేస్తుంది, వెళ్లేటప్పుడు విప్పుకుపోవచ్చు. గాజు డోమ్ లోపల మాత్రం పెట్టకండి, వేడి బయటికి పోక త్వరగా చెడిపోతుంది.

మూడో అడుగు: ఓనరుకు రెండు లైన్లు

ప్లగ్‌లో పెట్టి షెల్ఫ్ మీద ఆనించే లైటుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. సీలింగ్‌కు ఒక్క స్క్రూ వేయాలన్నా అడగాలి. లీజులో మార్పులు, రంధ్రాలు అన్న క్లాజు ఏం చెబుతుందో ముందు చదవండి.

మెయిల్ చిన్నగా ఉండాలి. ఎన్ని లైట్లు, వైరింగ్ ఏమీ మార్చడం లేదు, ప్లగ్‌లోనే పెడతాం, సీలింగ్‌కు ఇన్ని చిన్న స్క్రూ రంధ్రాలు పడతాయి, ఖాళీ చేసేటప్పుడు తీసేసి రంధ్రాలు పూడుస్తాం. ఇంతే. రంధ్రాల సంఖ్య స్పష్టంగా చెబితే ఓనరు భయపడడు. ఓనరు తెలుగువాళ్లయితే ఫోన్‌లోనే “దానికేముందండీ, పెట్టుకోండి” అనేస్తారు. మంచిదే, కానీ ఫోన్ పెట్టాక “ఇందాక మనం అనుకున్నట్టు” అని ఒక మెసేజ్ పంపి, ఆయన ఓకే అన్నాకే నిచ్చెన ఎక్కండి. ఇల్లు మధ్యలో అమ్ముడైతే కొత్త ఓనరుకు ఆ ఫోన్ కాల్ సంగతి తెలియదు.

పని మొదలుపెట్టే ముందు సీలింగ్ ఫొటోలు తీసుకోండి, ముఖ్యంగా అప్పటికే ఉన్న మరకలు, పాత రంధ్రాలు.

నాలుగో అడుగు: కొనేటప్పుడు డబ్బా మీద చూడాల్సినవి

నాలుగు అడుగుల షాప్ లైట్లు 20 నుంచి 40 డాలర్లలో మంచివి వస్తాయి. కాస్ట్‌కోలో రెండేసి కలిపి అమ్ముతుంటారు. ఆన్‌లైన్‌లో ఇంకా చవకవి బోలెడు. ధర కన్నా ముందు, భద్రతా పరీక్ష పాసైందని చెప్పే యూఎల్ లేదా ఈటీఎల్ ముద్ర ఉందా లేదా చూడండి. లేకపోతే ఎంత చవకైనా వద్దు, అది మీ కారు నెత్తిన వేలాడుతుంది.

ల్యూమెన్ల అంకెను వాట్లతో భాగించండి. వాట్‌కు 100 నుంచి 130 వస్తే నమ్మవచ్చు. 60 వాట్ల లైటు 15,000 ల్యూమెన్లు ఇస్తుందని రాస్తే వాట్‌కు 250 అయింది, అది డబ్బా మీదే వెలుగుతుంది. రెక్కల బల్బుల దగ్గర ఈ గొప్పలు మరీ ఎక్కువ.

రంగు 4,000 నుంచి 5,000 కెల్విన్ మధ్య. 6,500 అయితే ఆసుపత్రి కారిడార్‌లా నీలంగా కొడుతుంది. కారు మీద గీతలు, బట్టల రంగులు సరిగా కనిపించాలంటే సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80కి తగ్గకూడదు.

ఒకదానికొకటి కలిపే రకం తీసుకోండి. దాన్నే లింకబుల్ అంటారు. ఒక లైటు వైరు ప్లగ్‌లో, రెండోది మొదటిదాని కొసకు, మూడోది రెండోదానికి. ప్లగ్ పాయింట్ ఒక్కటే చాలు. అయితే మొదటి లైటు వైరులోంచే అన్నింటి కరెంటూ పోతుంది కాబట్టి ఎన్ని కలపవచ్చో కంపెనీ ఒక హద్దు పెడుతుంది. అది లేబుల్ మీద ఉంటుంది, దాటకూడదు. వేర్వేరు కంపెనీల లైట్లను గొలుసుగా కలపకూడదు.

వైరు పొడవు కూడా అక్కడే చూసుకోండి. ప్లగ్ నుంచి మొదటి లైటు దాకా టేపుతో కొలిచి రాసుకుని వెళ్లండి. వైరు చాలక ఎక్స్‌టెన్షన్ కార్డ్ తగిలించి వదిలేయడం చాలా ఇళ్లలో చూస్తాం. ఎక్స్‌టెన్షన్ కార్డ్ అనేది ఆ పూట పనికి, శాశ్వత వైరింగ్‌కు బదులు కాదు. దాన్ని గోడలోంచి, సీలింగ్ పైనుంచి, తలుపు సందులోంచి తీసుకెళ్లడం కోడ్‌కే విరుద్ధం. స్టేప్లర్ కొట్టడం అంతకంటే ప్రమాదం, పిన్ను ఒక్కటి ఇన్సులేషన్‌లో దిగితే చాలు. కంపెనీ అమ్మే పొడవు లింక్ వైరు ఉన్న మోడల్ ఎంచుకుంటే ఈ గొడవ ఉండదు.

టెక్సస్‌లో, ఆరిజోనాలో ఉండేవాళ్లు పనిచేసే ఉష్ణోగ్రత కూడా చదవాలి. జులైలో మూసిన గరాజ్ సీలింగ్ దగ్గర 40 డిగ్రీల సెల్సియస్ సునాయాసంగా దాటుతుంది. మిషిగన్, మినెసోటావాళ్లకు దీనికి తలకిందుల సమస్య. చలిలో వెలగనని మొరాయించే పాత ట్యూబులతో పోలిస్తే ఎల్‌ఈడీ వాళ్లకు వరమే.

ఐదో అడుగు: ఎక్కడ పెట్టాలో తలుపు తీసి చూడండి

అందరూ తలుపు మూసి ఉన్నప్పుడు కొలుస్తారు. గరాజ్ తలుపు పైకి వెళ్లాక ఏడడుగుల మేర సీలింగ్ కింద అడ్డంగా పడుకుంటుంది. దానిపైన పెట్టిన లైటు తలుపు తెరిచినప్పుడు ఎందుకూ పనికిరాదు, గొలుసుతో కిందికి వేలాడుతుంటే తలుపు దాన్ని గుద్దేస్తుంది. తలుపు పూర్తిగా తెరిచి, కింద నేల మీద చాక్‌పీసుతో దాని అంచు గీయండి. లైట్లు వీలైనంతవరకు ఆ గీతకు ఇవతల.

ఎస్‌యూవీ డిక్కీ తలుపు ఎత్తి దాని ఎత్తూ చూడండి. ఆ తర్వాత మీరు బల్ల దగ్గర నిలబడే చోటు చూడండి. లైటు మీ వెనక ఉంటే మీ నీడే పని మీద పడుతుంది, బల్ల ముందు అంచుకు నేరుగా పైన ఉండాలి. కార్ల పైకప్పుల మీద పెట్టిన లైటు కారు పైకప్పునే వెలిగిస్తుంది. రెండు కార్ల మధ్య ఒక వరుస, అటూ ఇటూ గోడల వైపు చెరొకటి పెడితే సామాన్ల మీద, తలుపులు తీసే చోట వెలుతురు పడుతుంది.

ఓపెనర్ పట్టా, గొలుసు, తలుపు పక్క పట్టాలు, పైన చుట్టగా ఉండే స్ప్రింగ్ వీటికి ఏదీ కట్టకండి, ఏ వైరూ వాటి దగ్గరికి వేలాడనీయకండి. ఆ స్ప్రింగ్‌లో బిగువు మనిషిని ఆసుపత్రి పాలు చేసేంత ఉంటుంది.

ఆరో అడుగు: వేలాడదీయడం

రంధ్రాలు వద్దన్నా, ఓనరు ఒప్పుకోకపోయినా దారులున్నాయి. ఇనుప షెల్ఫులుంటే వాటి పై అంచుకు అయస్కాంతంతో అతుక్కునే లైట్లు దొరుకుతాయి. ఓనరు ముందే బిగించిన సీలింగ్ ర్యాక్ ఉంటే దాని కడ్డీలకు గొలుసు తగిలించవచ్చు. నేల నుంచి సీలింగ్ దాకా బిగుతుగా నిలబడే స్తంభాలు కూడా ఒక దారి. గమ్ పట్టీల హుక్కులు మాత్రం ఇక్కడ నమ్మకండి. ఎండాకాలం వేడికి జిగురు మెత్తబడి, అర్ధరాత్రి ధడేల్‌మని పడుతుంది.

స్క్రూలకు అనుమతి ఉంటే, అవి సీలింగ్ బోర్డు వెనకున్న చెక్క దూలంలోకే దిగాలి. దూలాలు 16 లేదా 24 అంగుళాల దూరంలో ఉంటాయి. దూలం ఎక్కడుందో చెప్పే స్టడ్ ఫైండర్ లేకపోతే ఫ్రిజ్ మీది బలమైన అయస్కాంతం తీసుకుని సీలింగ్‌పై నెమ్మదిగా జరపండి. బోర్డు స్క్రూ తగిలిన చోట పట్టుకుంటుంది. అలాంటివి ఒకే గీతలో రెండు మూడు దొరికితే దూలం అదే. నాలుగు అడుగులంటే 48 అంగుళాలు, అది 16కూ 24కూ సమంగా భాగమవుతుంది కాబట్టి దూలాలకు అడ్డంగా పెడితే రెండు హుక్కులకూ దూలాలు దొరుకుతాయి. అంగుళం రెండంగుళాలు అటూ ఇటూ అయినా గొలుసు సర్దుకుంటుంది.

ఇంటికీ గరాజ్‌కూ మధ్య గోడ, పైన పడకగది ఉంటే ఆ సీలింగ్, ఇవి మంట ఇంట్లోకి పాకకుండా ఆపే బోర్డులు. పైన గది ఉన్నచోట మందం 5/8 అంగుళం ఉండాలని కోడ్. చిన్న స్క్రూ రంధ్రానికి ఏమీ కాదు. తీగ దూర్చడానికి పెద్ద కన్నం కోయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. 1980లకు ముందు ఇంట్లో సీలింగ్ మరమరాలు అద్దినట్టు గరుకుగా ఉంటే అందులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. దాన్ని గీకవద్దు, రంధ్రం చేయవద్దు, షెల్ఫుల దారి చూసుకోండి.

పని వరుస ఇలా పెట్టుకోండి. కారు బయట పెట్టండి. నిచ్చెన పట్టుకోవడానికి ఒకరిని పిలవండి. ముందు అన్ని లైట్లనూ నేల మీదే కలిపి ప్లగ్‌లో పెట్టి పది నిమిషాలు వెలిగించండి. చెడిపోయింది ఉంటే పైకి ఎక్కక ముందే తెలుస్తుంది. ప్లగ్ తీసేయండి. దూలం గుర్తు మీద సన్నటి డ్రిల్ బిట్‌తో దారి చేసి, హుక్కు చేత్తో తిప్పి మర దాకా దించండి. గొలుసు తగిలించి గట్టిగా కిందికి లాగి చూడండి. లైటు అడుగు భాగం నేల నుంచి ఏడడుగులకు తగ్గకుండా చూసుకోండి. అన్నీ పెట్టాక లింకులు పూర్తిగా లోపలికి నొక్కి, మిగిలిన వైరును లైటు పైభాగం మీదుగా గొలుసుకు వదులుగా కట్టండి. ప్లగ్ అన్నింటికంటే చివర.

తలుపును రెండు మూడుసార్లు పూర్తిగా తెరిచి మూయండి. లైట్లు వెలిగిన అరగంట తర్వాత ప్లగ్‌ను చేత్తో ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే, వేడిగా ఉంటే వెంటనే తీసేయండి.

స్విచ్ సంగతి

సీలింగ్ ప్లగ్‌లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. గోడ స్విచ్‌తో దానికి సంబంధం లేదు. లైటు కింద వేలాడే దారం లాగి ఆర్పడం మొదటి వారం బాగానే ఉంటుంది, చేతుల్లో పాల డబ్బాలతో చీకట్లో దారం వెతకాల్సి వచ్చాక విసుగొస్తుంది.

నా ఓటు రేడియో రిమోట్ ప్లగ్‌కు. ప్లగ్‌కూ లైటు వైరుకూ మధ్య చిన్న డబ్బా, చేతిలో స్విచ్ లాంటి రిమోట్. రిమోట్‌ను ఇంట్లోంచి గరాజ్‌లోకి వచ్చే తలుపు పక్కన, మామూలు స్విచ్ ఎత్తులో అంటించుకుంటే అది నిజం స్విచ్ లాగే అలవాటైపోతుంది. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు కూడా యాప్ నేర్పాల్సిన పనిలేదు. స్మార్ట్ ప్లగ్ కూడా పెట్టవచ్చు, కానీ గరాజ్‌లో వైఫై సిగ్నల్ అందుతుందో లేదో ఫోన్‌తో చూసుకున్నాకే. ఎక్కువ స్మార్ట్ ప్లగ్‌లకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై కావాలి.

రిమోట్ ప్లగ్ లైట్లకు మాత్రమే. ఓపెనర్ వైరు దాని ద్వారా పోకూడదు, లేకపోతే లైటు ఆర్పిన రోజు తలుపు తెరుచుకోదు.

మనిషి కదలికకు వెలిగే సెన్సర్ లైట్లు చాలామందికి ఇష్టం. అవి చుట్టూ ఉన్న వేడికీ మన ఒంటి వేడికీ తేడాను పట్టుకుంటాయి. టెక్సస్ ఆగస్టులో గరాజ్ గాలి కూడా మన ఒంటి వేడికి వచ్చేస్తే వాటికి మనిషి కనిపించడు, చేతులు ఊపినా వెలగవు. బల్ల దగ్గర కదలకుండా కూర్చుని పనిచేసేవాళ్లకూ అవి ఆరిపోతుంటాయి. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లే దారిలో ఒకటి సెన్సర్‌ది, మిగతావి రిమోట్‌వి పెట్టుకుంటే సరిపోతుంది.

లైట్లు పెట్టాక గరాజ్ రిమోట్ పనిచేయకపోతే

ఇది వింతగా అనిపిస్తుంది గానీ తరచూ జరిగేదే. వీధి మలుపులోంచి పనిచేసిన గరాజ్ రిమోట్ ఇప్పుడు తలుపు ముందుకొచ్చి నొక్కినా పనిచేయదు. బ్యాటరీ మార్చేముందు లైట్లు ఆర్పి చూడండి. ఆర్పగానే పనిచేస్తే దొంగ దొరికినట్టే. ఎల్‌ఈడీకి సరిపడేలా కరెంటును మార్చే లోపలి సర్క్యూట్ (డ్రైవర్) రేడియో రొద పుట్టిస్తుంది, ఓపెనర్ రిమోట్లు 300 నుంచి 390 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. ఆ రొదలో రిమోట్ మాట ఓపెనర్‌కు వినపడదు. లైటును ఓపెనర్ నుంచి కొన్ని అడుగులు దూరం జరపండి, ఓపెనర్ కింద వేలాడే యాంటెన్నా తీగకు దూరంగా. ఈ రొదను తగ్గించడానికి వైరుకు బిగించే ఫెర్రైట్ క్లిప్పులు కొన్నిసార్లు సాయపడతాయి. అప్పటికీ తగ్గకపోతే ఆ లైటు తిరిగిచ్చేసి ఇంకో కంపెనీది తెచ్చుకోండి. ఓపెనర్ లోపలి బల్బుకైతే ఓపెనర్ల కోసమే చేసిన ఎల్‌ఈడీ బల్బులు అమ్ముతారు.

అపార్ట్‌మెంట్ గరాజ్, పాత ట్యూబ్ లైట్ గరాజ్

అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో నెలకింత అని విడిగా అద్దెకిచ్చే గరాజ్ కథ వేరు. అక్కడ కరెంటు సాధారణంగా కాంప్లెక్స్ మీటరుది. ఓపెనర్ ప్లగ్ తప్ప ఇంకోటి ఉండదు, కొన్నింటిలో అదీ ఉండదు. ఆ ప్లగ్ వాడుకోవచ్చా అని లీజింగ్ ఆఫీసును అడగండి. కాదంటే ఛార్జింగ్ లైట్లతో సరిపెట్టుకోవాలి. డ్రిల్ మెషిన్ బ్యాటరీతో నడిచే వర్క్ లైట్ ఉంటే ఇంకా మంచిది. లిథియం బ్యాటరీలను ఎండాకాలం గరాజ్‌లో వదలకుండా ఇంట్లోకి తెచ్చి ఛార్జ్ చేసుకోండి.

కొన్ని పాత ఇళ్ల గరాజ్‌లో పొడవాటి ట్యూబ్ లైట్ ఫిట్టింగ్ ముందే ఉంటుంది, ట్యూబులు మిణుకుమిణుకుమంటుంటాయి. అలా ఉంటే కొత్త లైట్ల జోలికే వెళ్లక్కర్లేదు. టైప్ ఏ అని రాసి ఉన్న ఎల్‌ఈడీ ట్యూబులు పాత బ్యాలస్ట్‌తోనే (మనం చోక్ అనేది) పనిచేస్తాయి, పాతది తీసి కొత్తది పెట్టడమే. మీ బ్యాలస్ట్ మోడల్ ఆ ట్యూబు జాబితాలో ఉందో లేదో చూసుకోండి. టైప్ బీకి లోపలి తీగలు మార్చాలి, అద్దెకున్నవాళ్లు అది చేయకూడదు. తీసిన ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, చెత్తబుట్టలో వేయకుండా మీ ఊరి ప్రమాదకర చెత్త సేకరణ కేంద్రానికి ఇవ్వండి.

ఖాళీ చేసే వారం

లైట్లు విప్పి, డబ్బాలుంటే డబ్బాల్లో, లేకపోతే పాత దుప్పట్లో చుట్టి పెట్టుకోండి. హుక్కు రంధ్రాల్లో స్పాకిల్ (రంధ్రాలు పూడ్చే ముద్ద) కొద్దిగా ఎక్కువగా నింపి, ఆరాక సన్నటి గరుకు కాగితంతో రుద్దండి. పైన రంగు అద్దండి. గరాజ్ సీలింగ్‌కు సాధారణంగా మెరుపులేని తెలుపే. మచ్చ కలవకపోతే ఓనరునే మిగిలిన రంగు డబ్బా ఉందేమో అడగండి, చాలా ఇళ్లలో అది ఆ గరాజ్ షెల్ఫ్ మీదే ఉంటుంది. మీరు తీసేసిన పాత బల్బు తిరిగి బిగించి వెలిగించి చూడండి.

ముందు తీసిన ఫొటోల కోణంలోనే మళ్లీ ఫొటోలు తీసి, ఓనరు ఒప్పుకున్న మెసేజ్‌తో కలిపి ఒకే మెయిల్‌లో పంపండి, కొత్త చిరునామాతో సహా. టెక్సస్‌లో మీరు ఇల్లు అప్పగించాక 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, చిరునామా రాతపూర్వకంగా ఇస్తేనే ఆ బాధ్యత మొదలవుతుంది. న్యూజెర్సీలోనూ 30 రోజులే, కాలిఫోర్నియాలో 21. మామూలు వాడకం వల్ల వచ్చిన అరుగుదలకు డబ్బు కోయడానికి టెక్సస్ చట్టం ఒప్పుకోదు. పూడ్చకుండా వదిలేసిన హుక్కు రంధ్రాలను ఓనరు అరుగుదల అనుకోడు, కాబట్టి స్పాకిల్ డబ్బాకు పెట్టే ఐదారు డాలర్ల దగ్గర పిసినారితనం వద్దు.